రంగం ఓడ నాటి నుంచీ ఉన్న కోరికే ఇది

ఏదో ఒక దేశం పోయి, చిన్న ఇల్లు, వేళకు పని, ‘ఎక్కడికి, ఎవరితో’ అని ఆరాలు తీసే మనిషి లేని బతుకు. శ్రీకాకుళం, విజయనగరం వైపు చదువుకుంటున్న పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, ఈ ఊహ బలంగా ఉంది. ఫోన్లు చూసి పుట్టిన పిచ్చి అని పెద్దలు కొట్టిపారేస్తారు. అది అన్యాయం. ఆ పెద్దల తాతలు కూడా ఊరి కట్టుబాట్లు, అప్పులు తట్టుకోలేకే ఓడలెక్కారు.

అప్పట్లో ఈ నేలంతా గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో, చాలావరకు జమీందారీల కింద ఉండేది. 1866 కరువు గంజాంను పీల్చేసింది. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు చెరకుతోటల కూలీలతో మద్రాసు నుంచి మొదటి ఓడ 1860లోనే వెళ్లింది. తర్వాతి ఓడల్లో విశాఖ జిల్లావాళ్లూ ఎక్కారు. అయిదేళ్ల ఒప్పందం, అనుమతి చీటీ లేకుండా తోట దాటితే నేరం. గడువు తీరాక అక్కడే స్వేచ్ఛగా ఉండిపోదామంటే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం తెచ్చారు. ఒప్పంద కూలీల ఎగుమతి నటాల్‌కు 1911లో, మొత్తంగా 1917లో ఆగింది.

మనవాళ్లకు అంతకంటే దగ్గరిది రంగం, అంటే రంగూన్. కళింగపట్నం, భీమిలి రేవుల్లో స్టీమరెక్కితే కొద్ది రోజుల్లో బర్మా. అక్కడ రేవులో బస్తాల మోత, బియ్యం మిల్లులు, రిక్షాలు. ఊళ్లో గింజలకు పనిచేసిన చేతికి రొక్కం కూలీ వచ్చేది. జమీందారు లేడు, కరణం లేడు. కానీ టిక్కెట్టు డబ్బు, బయానా ఇచ్చింది కూలీలను పోగుచేసే మేస్త్రీ. కూలీ కూడా అతని చేతి మీదుగానే అందేది, తన వాటా పట్టుకున్నాక. ఊరి షావుకారు పోయి మేస్త్రీ వచ్చాడు, అంతే. ఈ వలసల చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

1930 మేలో కూలీ పెంచమని తెలుగు రేవు కూలీలు సమ్మె కడితే కంపెనీలు బర్మీయులను పనిలోకి దించాయి. సమ్మె తీరి వాళ్లను పంపేయగానే అల్లర్లు రేగాయి, దెబ్బ తెలుగువాళ్ల మీద పడింది. 1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశారు. 1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది కొండలూ అడవులూ పట్టి నడిచారు, వేలమంది దారిలోనే పోయారు. మిగిలినవాళ్లలో చాలామందిని 1962 తర్వాతి సైనిక పాలన, జాతీయీకరణ వెనక్కి పంపించాయి. విశాఖ కంచరపాలెంలోని బర్మాక్యాంపు ఆ తిరిగొచ్చినవాళ్లదే.

ఇక మన ప్రభుత్వం సంగతి. విదేశం వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది 1967లో. అంతవరకూ పాస్‌పోర్టు ఇవ్వడం సర్కారు దయే.

తర్వాత గల్ఫ్. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు వెళ్తున్నారు. ఏజెంటుకు లైసెన్సు ఉండాలని, పది పాసవనివారికి ముందస్తు అనుమతి కావాలని 1983 చట్టం పెట్టిన కాపలాను విజిట్ వీసా ఇచ్చే దొంగ ఏజెంట్లు తప్పిస్తున్నారు. అక్కడ కఫాలా పద్ధతిలో యజమాని ఒప్పుకోనిదే పని మారే వీలుండేది కాదు. సౌదీ 2021లో ఈ పట్టు సడలించింది గానీ ఇంటి పనివాళ్లనూ ఇళ్లలో డ్రైవర్లనూ వదిలేసింది.

అమెరికా కలకూ ఇలాంటి ముడే ఉంది. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే, కొత్తది వెతుక్కోవడానికి ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఇంటి దగ్గర తనఖా పెట్టి తెచ్చిన చదువు అప్పుకు మాత్రం ఆ గడువుతో పనిలేదు, వాయిదా నెలనెలా వస్తూనే ఉంటుంది.