వైర్‌లెస్ కంట్రోలర్ మధ్యలో తెగిపోతోందా? రెట్రో కంప్యూటర్ ఎమ్యులేషన్‌లో అపోహలు – వాస్తవాలు

ఆట మధ్యలో కంట్రోలర్ పలక్కపోతే అందరి నోటా వచ్చే మాట ఒకటే: "బ్లూటూత్ కట్ అయింది." కానీ అలా కనిపించేవి నాలుగు వేర్వేరు సమస్యలు. రేడియో లింకు తెగి ఉండొచ్చు, కంట్రోలర్ నిద్రపోయి ఉండొచ్చు, కంప్యూటరే బ్లూటూత్ అడాప్టర్‌ను ఆపేసి ఉండొచ్చు. లేదా లింకు నిక్షేపంగా ఉన్నా ఎమ్యులేటర్ (పాత కంప్యూటర్‌ను ఇప్పటి కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) పట్టించుకోకపోవచ్చు. ఏదో తేల్చుకోకుండా కొత్త కంట్రోలర్ కొంటే డబ్బు దండగ.

అపోహ: ఎమ్యులేటర్ కంట్రోలర్‌ను వదిలేస్తోంది.

లింకు మీద ఎమ్యులేటర్‌కు అధికారం లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ అందించింది చదువుకోవడమే దాని పని. అందుకే ముందు విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల ప్యానెల్, లైనక్స్‌లో ఈవీటెస్ట్ (evtest) అనే పరీక్షా ప్రోగ్రామ్ తెరిచి బటన్లు నొక్కి చూడండి. అక్కడ కదలిక ఉంటే రేడియోకు సంబంధం లేదు.

అప్పుడు చూడాల్సినవి వేరు. ఎస్‌డీఎల్ (కంట్రోలర్, తెర, ధ్వని పనులు చూసే లైబ్రరీ) మీద నడిచే ఎమ్యులేటర్లలో విండో ఫోకస్ పోతే, మామూలు సెట్టింగుల్లో జాయ్‌స్టిక్ సంకేతాలు ఆగిపోతాయి. వెనక ఏదో వేరే విండో ముందుకొచ్చినా చాలు. పాత ఎస్‌డీఎల్ 1.2తో కట్టిన డాస్‌బాక్స్ (పాత డాస్ ఆటల ఎమ్యులేటర్) అయితే మొదలైనప్పుడు ఉన్న కంట్రోలర్లనే గుర్తిస్తుంది, మధ్యలో తెగి మళ్లీ కలిసినదాన్ని చూడదు. ఆటకు ముందే కంట్రోలర్ ఆన్ చేయడం ఒక్కటే మార్గం.

పోర్టు తప్పినా తెగిపోయినట్టే అనిపిస్తుంది. కమొడోర్ 64 అనే పాత హోమ్ కంప్యూటర్‌లో ఎక్కువ ఆటలు జాయ్‌స్టిక్ పోర్ట్ 2 చదువుతాయి. పోర్ట్ 1 లైన్లు కీబోర్డు లైన్లతో కలిసి ఉంటాయి కాబట్టి అక్కడ జాయ్‌స్టిక్ కదిపితే తెరమీద అక్షరాలు పడతాయి. అక్షరాలు పడుతున్నాయంటే లింకు బతికే ఉన్నట్టు!

అపోహ: రెండు మీటర్ల దూరంలోనే కూర్చున్నాం, సిగ్నల్ సమస్య ఉండదు.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. యూఎస్‌బీ 3 పోర్టులు, కేబుళ్లు, హార్డ్ డిస్కులు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొద పుట్టిస్తాయి. దీన్ని ఇంటెల్ 2012లోనే ఒక సాంకేతిక పత్రంలో వివరించింది. నీలం (యూఎస్‌బీ 3) పోర్టులో ఎస్‌ఎస్‌డీ, పక్క పోర్టులో బ్లూటూత్ డాంగిల్ (పోర్టులో గుచ్చే చిన్న రిసీవర్) ఉంటే కంట్రోలర్ గొంతు ఆ రొదలో మునిగిపోతుంది. గేములు ఆ ఎస్‌ఎస్‌డీలోనే ఉంటే, కొత్త డిస్క్ ఇమేజ్ (పాత డిస్కు నకలు ఫైలు) లోడ్ అయ్యే క్షణంలోనే తెగుతుంది. డాంగిల్‌ను ఒక మీటరు యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా, మీకు ఎదురుగా కనిపించేలా పెట్టండి. మనిషి ఒంట్లోని నీరు కూడా ఈ తరంగాలను పీల్చేస్తుంది. కాబట్టి కంప్యూటర్‌కు, కంట్రోలర్‌కు మధ్య ఎవరూ అడ్డం లేకుండా చూడండి.

సొంత డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ కంట్రోలర్లకు ఈ బెడద ఉండదనుకోవడం కూడా పొరపాటే. అదే బ్యాండ్, అదే రొద.

అపోహ: బ్లూటూత్ ఛానెళ్లు మారుతుంటుంది కాబట్టి వైఫైతో ఇబ్బంది లేదు.

మారుతుంది, నిజమే. క్లాసిక్ బ్లూటూత్ 79 ఛానెళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ, రద్దీగా ఉన్నవాటిని తప్పిస్తుంది. కానీ 40 మెగాహెర్ట్జ్ వెడల్పుతో నడిచే ఒక్క 2.4 గిగాహెర్ట్జ్ వైఫై అందులో సగం మింగేస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే చిప్‌లో ఉంటాయి. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి, వీలైతే ఈథర్నెట్ తీగ వాడండి.

అపోహ: దిశ ఎడమకు అతుక్కుపోయిందంటే స్టిక్ పాడైంది.

స్టిక్ వదిలినట్టు సంకేతం చేరకముందే లింకు పోతే, ఆపరేటింగ్ సిస్టమ్ చివరి స్థితినే పట్టుకుని ఉంటుంది. లింకు పోయిందని నిర్ధారించుకునే గడువు క్లాసిక్ బ్లూటూత్ ప్రమాణంలో డిఫాల్ట్‌గా 20 సెకన్లు. పరికరాలు దీన్ని తగ్గించుకోవచ్చు. అంతసేపూ మీ హీరో ఎడమకే పరుగెడతాడు. కంట్రోలర్ విప్పే ముందు తీగతో కలిపి ఆడి చూడండి.

అపోహ: బ్యాటరీ నిండుగా ఉంది, కరెంటు సమస్య కాదు.

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ 15 నిమిషాలు ముట్టుకోకపోతే ఆగిపోతుంది. కీబోర్డుతో బేసిక్ భాషలో ప్రోగ్రామ్ టైపు చేసినా, టేపు లోడింగ్ అసలు వేగంతో నడిపినా అంతసేపు ఇట్టే గడిచిపోతుంది. ఇది లోపం కాదు, ఎక్స్‌బాక్స్ బటన్ నొక్కితే మళ్లీ లేస్తుంది.

రాస్ప్‌బెర్రీ పైలో బోర్డు వోల్టేజీనీ చూడండి. దాదాపు 4.63 వోల్టుల కిందికి జారితే తెరమీద మెరుపు గుర్తు వస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 4కు 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. సన్నటి కేబుల్ ఉన్న ఫోన్ ఛార్జర్ చాలదు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, బ్లూటూత్ అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో విద్యుత్ ఆదా కోసం పరికరాన్ని ఆపే టిక్ తీసేయండి.

అపోహ: మళ్లీ పెయిర్ చేస్తే అన్నీ సర్దుకుంటాయి.

పెయిరింగ్ తాళంచెవి పాడైతేనే అది మందు. లైనక్స్‌లో బీటీమాన్ (btmon) అనే బ్లూటూత్ పర్యవేక్షణ ప్రోగ్రామ్ నడుపుతూ ఆడండి, తెగిన క్షణంలో కారణం కోడ్ కనిపిస్తుంది. హెక్స్‌లో 08 వస్తే రేడియో గడువు దాటింది: ఎక్స్‌టెన్షన్ కేబుల్, వైఫై సంగతి చూడండి. 13 లేదా 15 వస్తే కంట్రోలరే వదిలింది: నిద్ర, బ్యాటరీ చూడండి. 16 వస్తే తెంచింది మీ కంప్యూటరే. కలిసిన వెంటనే పదేపదే తెగుతున్న పాత ఎక్స్‌బాక్స్ వన్ బ్లూటూత్ కంట్రోలర్‌కైతే, లైనక్స్ బ్లూటూత్ మాడ్యూల్‌లో ఈఆర్‌టీఎమ్ (అందని డేటాను మళ్లీ పంపే ఒక బ్లూటూత్ పద్ధతి) ఆపి మళ్లీ ప్రయత్నించండి.