రోడ్డు మీద గొడవైతే: పిల్లలకు ఒక ఉత్తరం

పిల్లలూ,

సాయంత్రం బాక్సింగ్ ప్రాక్టీసు అయ్యాక మీరంతా ఒకటే అడుగుతున్నారు. "మాస్టారూ, రింగులో సరే, బయట ఎవడైనా మీద పడితే ఏం చెయ్యాలి?" గ్లవ్స్ విప్పుకుంటూ రెండు నిమిషాల్లో చెప్పేసే సంగతి కాదు. మీలో కొందరు ట్యూషన్ అయ్యి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరుతున్నారు. కాలేజీలో చేరినవాళ్ళు మన విశాఖలో బీచ్ రోడ్డు, జగదాంబ, ఆర్టీసీ కాంప్లెక్సు అంటూ తిరుగుతున్నారు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చదివాక ఇంట్లో అమ్మానాన్నలకి కూడా ఇవ్వండి.

కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు వినే ఉంటారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చిన మహా బలశాలి. ఆయన కాలంలో తాలింఖానాల్లో, అంటే వ్యాయామశాలల్లో, కుస్తీ పట్టేది తవ్వి మెత్తబరిచిన మట్టి మీద. ఇవాళ మీరు బాక్సింగ్ చేసే రింగులో కూడా కాన్వాసు కింద మెత్త ఉంటుంది. పడినా లేస్తారు. మన సిరిపురం రోడ్డుకి అలాంటి మెత్త లేదు. దవడ మీద గట్టి దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడు చేతులు అడ్డం పెట్టుకోలేడు, నిలువునా వెనక్కి పడతాడు. తల వెనక భాగం డివైడర్‌కో ఫుట్‌పాత్ అంచుకో తగులుతుంది. గొడవల్లో ప్రాణం మీదకి వచ్చేది చాలాసార్లు అక్కడే. కొట్టినవాడు చంపాలనుకుని ఉండడు, పడినవాడు చావాల్సినంత తప్పు చేసి ఉండడు. నేను మీకు చెప్పేదంతా ఈ ఒక్క భయం లోంచి వచ్చింది. మీరు పడకూడదు, మీ చేతి దెబ్బకి ఇంకొకడు అనవసరంగా పడకూడదు. దొరికిన మొదటి సందులోనే అక్కడి నుంచి వచ్చెయ్యాలి.

గొడవ మొదలయ్యే తీరు చూడండి. బీచ్‌లో ముంత మసాలా బండి దగ్గర భుజం తగులుతుంది. లేకపోతే సిగ్నల్ దగ్గర బండికి బండి రాసుకుంటుంది. "ఏట్రా, సూత్తన్నావ్?" అంటాడు అవతలివాడు. దానికి సరైన జవాబంటూ లేదు. మీరేమన్నా రెండో మాట వస్తుంది. "ఏం లేదన్నా, సారీ" అని రెండడుగులు వెనక్కి వేసి వెళ్ళిపోండి. పక్కన స్నేహితులున్నారని, అమ్మాయిలు చూస్తున్నారని ఆగారంటే మీరు ఆగింది పరువు కోసమే. వాడు ఎవడో, జేబులో ఏముందో, వెనక ఎంతమంది ఉన్నారో మీకు తెలియదు. ఇన్నేళ్ళుగా పిల్లలకి గుద్దడం నేర్పుతున్న మనిషిగా చెబుతున్నాను, సారీ చెప్పి వచ్చినవాణ్ణి నేనెప్పుడూ పిరికివాడనుకోలేదు.

వెళ్ళనివ్వకుండా దారికి అడ్డం పడ్డాడనుకోండి. అప్పుడు దూరం ముఖ్యం. వాడు చెయ్యి చాస్తే మీకు అందనంత దూరంలో ఉండాలి. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక, మోకాళ్ళు కొంచెం సడలించి నిలబడండి. కాళ్ళు రెండూ కలిపి నిలబడినవాణ్ణి చిన్న తోపుతోనే పడెయ్యవచ్చు. రెండు చేతులూ ఛాతీ ఎత్తుకి తెచ్చి, అరచేతులు వాడివైపు తెరిచి, "వద్దన్నా, గొడవ వద్దు" అనండి, పక్కవాళ్ళకి వినపడేలా. చూసేవాళ్ళకి మీరు బతిమాలుతున్నట్టే ఉంటుంది. కానీ చేతులు మీ మొహానికి దగ్గరలో, దెబ్బని ఆపడానికి సిద్ధంగా ఉంటాయి. జేబులో చేతులు, చేతిలో ఫోను మాత్రం ఉండకూడదు.

దెబ్బ వచ్చే ముందు మనిషి ఒంట్లో కొన్ని మార్పులు కనిపిస్తాయి. అప్పటిదాకా అరుస్తున్నవాడు ఉన్నట్టుండి మాట ఆపుతాడు. ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూస్తాడు. ఒక భుజం వెనక్కి లాగుతాడు, లేదా కాలు వెనక్కి వేస్తాడు. వాడి పక్కనున్నవాడు నెమ్మదిగా మీ వెనక్కి చేరుతున్నాడేమో కూడా గమనించండి. ఇవి కనిపించాయంటే మాటల టైము అయిపోయినట్టే.

ఇక మీరందరూ ఎదురుచూస్తున్న సంగతి, కొట్టడం. పిడికిలి మర్చిపోండి. రింగులో మీ చేతికి క్లాత్ చుట్టి, పైన గ్లవ్ తొడిగి, లేసు బిగించి పంపిస్తాను. బయట ఉత్త చేయి. వాడు తల వంచితే మీ పిడికిలి వెళ్ళి నుదుటి ఎముక మీద పడుతుంది. అప్పుడు విరిగేది మీ చెయ్యే, చిటికెన వేలి కణుపుకి కొంచెం కింద, అరచేతి ఎముక. ఇది ఎంత మామూలంటే డాక్టర్లు దాన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. నోటి మీద గుద్దితే వాడి పన్ను మీ కణుపులో దిగుతుంది. చిన్న గాటే కదా అని వదిలేస్తే చీము పట్టి కీలు పాడవుతుంది. అలాంటి గాటుకి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

అరచేతితో కొట్టండి. మణికట్టుకి ఆనుకుని అరచేతి అడుగున గట్టిగా, కండగా ఉండే చోటుంది. ఇప్పుడే నొక్కి చూసుకోండి. వేళ్ళు కొంచెం వెనక్కి వంచి, ఆ చోటుతో నేరుగా ముందుకి తోసినట్టు కొట్టాలి. బలం చేతిలోంచి రాదు. వెనక కాలి మడమ లేవాలి, నడుము తిరగాలి, భుజం వెంట రావాలి. జాబ్ (ముందు చేత్తో వేసే గుద్దు) తర్వాత స్ట్రెయిట్ (వెనక చేత్తో నేరుగా వేసే గుద్దు) వేసేటప్పుడు మీకు రోజూ చెప్పేదే ఇది, పిడికిలి బదులు అరచెయ్యి, అంతే తేడా. ముక్కు మీద తగిలితే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, రెండు మూడు సెకన్లు సరిగ్గా కనపడదు. ఆ రెండు మూడు సెకన్లే మీకు కావలసింది. అది వేసి వాడి పక్కనుంచి పరుగెత్తాలి. తగిలిందా లేదా అని నిలబడి చూడకండి.

మరీ దగ్గరికొచ్చి చొక్కా పట్టుకుంటే మోచెయ్యి, మోకాలు పనికొస్తాయి. బూటు కాలితో వాడి మోకాలి కింద ఎముక మీద తన్నండి. హై కిక్కులు వద్దే వద్దు. ఒంటికాలి మీద ఉన్నప్పుడు కాలు పట్టుకున్నాడంటే మీరు నేల మీదే.

కొట్టడం కన్నా ముందు నేర్చుకోవాల్సింది తల కాపాడుకోవడం. దెబ్బలు వరసగా పడుతుంటే గడ్డం ఛాతీకి దించి, పళ్ళు బిగించి, ఫోను చెవికి ఆనించుకున్నట్టు రెండు చేతులూ తలకి రెండు వైపులా ఆనించండి. మోచేతులు ముందుకి ఉండాలి. నోరు తెరిచి ఉన్నప్పుడు దవడకి దెబ్బ తగిలితే నాలుక తెగుతుంది. చెయ్యి పట్టుకుంటే వాడి బొటనవేలు ఉన్న వైపుకి తిప్పి ఒక్కసారిగా లాగండి, పట్టు సడలేది అక్కడే. జుట్టు పట్టుకుంటే వాడి చెయ్యిని మీ రెండు చేతులతో తలకి అదిమిపెట్టండి, లాగడం కుదరదు. వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి వేస్తే మాత్రం ఆలస్యం చెయ్యకండి. మెడకి రెండు పక్కలా రక్తనాళాలు నొక్కుకుపోతే పది సెకన్లలోపే స్పృహ పోవచ్చు. వెంటనే గడ్డం వాడి మోచేతి మడతలోకి దూర్చి, రెండు చేతులతో ఆ చేతిని కిందికి లాగండి.

పడిపోతే వాడికి వీపు చూపించి లేవకండి. వెల్లకిలా ఉండి, తల పైకెత్తి, పాదాలు వాడివైపు తిప్పి, దగ్గరికి రాకుండా తన్నుతూ ఉండండి. కాస్త ఎడం దొరకగానే ఒక చెయ్యి నేలకి ఆనించి, వాణ్ణి చూస్తూనే వెనక్కి లేవాలి.

కత్తి కనిపిస్తే ఇవేవీ పనికిరావు. సినిమాల్లో చూపించినట్టు చెయ్యి పట్టుకుని మెలితిప్పడం సాధన చేసినవాళ్ళకే సాధ్యపడదు. ఫోను అడిగితే ఫోను, బండి తాళాలు అడిగితే తాళాలు ఇచ్చెయ్యండి, లేదా దూరంగా ఒక వైపుకి విసిరేసి రెండో వైపుకి పరుగెత్తండి. ముగ్గురు నలుగురు చుట్టుముడుతున్నా అంతే. మందుల షాపు, పెట్రోల్ బంకు, వెలుతురున్న టిఫిన్ సెంటర్, ఏది దగ్గరైతే అక్కడికి. గాయమై రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోవాలి, తీసి తీసి చూడకూడదు. కత్తి దిగి ఉంటే పీకకూడదు. 108కి ఫోన్ చెయ్యాలి. పోలీసులకి 112.

అమ్మాయిలకి ప్రత్యేకంగా ఒక మాట. బస్సులో, సింహాచలం చందనోత్సవం క్యూలో, నేవీ డే రోజు బీచ్ జనంలో చెయ్యి వేసేవాడు మీరు సిగ్గుతో ఊరుకుంటారనే నమ్మకంతోనే వేస్తాడు. మోచెయ్యి వెనక్కి గట్టిగా విసరండి, గొంతెత్తి అరవండి. "ఎవరైనా రండి" అంటే ఎవరూ కదలరు. "నీలం చొక్కా అన్నా, వీడు నన్ను వదలట్లేదు, రండి" అని ఒకరిని చూపించి పిలవండి. అది తన పనే అని ఆయనకి అర్థమవుతుంది. ఆడపిల్లకి గుద్దులెందుకు అనేవాళ్ళకి బాక్సర్ నిఖత్ జరీన్ సంగతి చెప్పండి. నిజామాబాద్ నుంచి వచ్చి ఈ విశాఖలోనే కోచ్ ఐ.వి. రావు గారి దగ్గర శిక్షణ తీసుకుంది. 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది.

ఆ టైములో మీ ఒళ్ళు మీ మాట వినదని కూడా ముందే తెలుసుకోండి. గుండె దడదడలాడుతుంది, నోరెండిపోతుంది, చేతులు వణుకుతాయి, ఎదురుగా ఉన్నవాడు తప్ప పక్కన ఏముందో కనిపించదు. అది పిరికితనం కాదు, అడ్రినలిన్ పని. రింగులో మొదటిసారి దిగిన ప్రతి పిల్లాడికీ అంతే. అందుకే పాతిక టెక్నిక్కులు నేర్పను. అరచెయ్యి, తలకి కాపు, పడితే లేవడం, ఈ మూడే. నిద్రలో లేపినా వచ్చేదాకా చేయిస్తాను. ఊపిరి గట్టిగా బయటికి వదలడం మర్చిపోకండి, బిగబడితే అర నిమిషంలో అలిసిపోతారు.

చట్టం సంగతి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, అంటే పాత భారత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి. మీ మీదకి వచ్చినవాణ్ణి ఆపడానికి కొట్టడం నేరం కాదు. అయితే ఆపడానికి ఎంత అవసరమో అంతే. వాడు పడిపోయాక ఇంకో తన్ను తన్నారంటే అది ఆత్మరక్షణ కాదు, మీరే ముద్దాయి. ఎముక విరిగినా, పన్ను విరిగినా చట్టం దాన్ని తీవ్ర గాయంగానే చూస్తుంది. మర్నాడు నలుగురిని వెంటేసుకుని వెళ్ళి కొట్టి రావడాన్ని ఏ సెక్షనూ కాపాడదు.

గొడవ అయ్యాక ఇంట్లో దాచకండి. తలకి దెబ్బ తగిలి ఉంటే "నాకేం కాలేదు" అని పడుకోకండి. పుర్రె లోపల నాళం చిట్లితే మొదట కాసేపు మనిషి మామూలుగానే ఉంటాడు. రక్తం పేరుకుని మెదడుని నొక్కడం మొదలయ్యాక తలనొప్పి పెరుగుతుంది, వాంతులవుతాయి, మాట తడబడుతుంది, లేపినా మత్తుగా ఉంటాడు, ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దదవుతుంది. ఒక్క క్షణం స్పృహ తప్పినా, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రైనా సరే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్ళిపోవాలి. మొదటి రోజంతా పక్కన ఒక మనిషి ఉండాలి. అమ్మలూ, నాన్నలూ, మీకు దణ్ణం పెట్టి అడుగుతున్నాను. పిల్లాడు చొక్కా చింపుకుని వస్తే ముందు తల చూడండి. తిట్లు తర్వాత తిట్టొచ్చు. తిడతారని భయపడే పిల్లలే దెబ్బ దాచుకుంటారు.

ఆదివారం పొద్దున్న ఆరింటికి గ్రౌండుకి వచ్చేటప్పుడు రోజూ వేసుకునే బట్టలు, బూట్లతోనే రండి, ట్రాక్ ప్యాంటు వద్దు. గోళ్ళు కత్తిరించుకోండి, గొలుసులు, చెవి రింగులు ఇంట్లో పెట్టండి. ఇంట్లో పాత పరుపు ఉన్నవాళ్ళు ఒకటి తెస్తే మొదటి గంటంతా వెనక్కి పడడం, లేవడం చేద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు