పాట మనదా, అద్దెదా: సంగీత యాప్‌ల పోటీకి వెనకున్న కథ

2024 ఆగస్టులో ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్ యాప్‌ను మూసివేస్తున్నట్లు వెల్లడించి, ప్రీమియం చందాదారులకు యాపిల్ మ్యూజిక్ దారి చూపించింది. పదేళ్లుగా వింక్‌లో పాటలు వింటున్నవారికి అప్పుడు ఎదురైన చిక్కు ఏ యాప్ మంచిదన్నది కాదు. పెళ్లికని, ప్రయాణానికని, తెల్లవారుజాము భక్తిగీతాలకని ఒక్కొక్కటిగా పేర్చుకున్న జాబితాలు ఏమవుతాయన్నదే అసలు దిగులు. అదే ఏడాది జనవరి 31న రెస్సో అనే మరో సంగీత యాప్ కూడా భారతదేశంలో సేవలు నిలిపివేసింది. అంతకు ముందు, 2022లో, గానా యాప్ ఉచిత శ్రోతలను వదులుకుని చందా కట్టేవారికే పరిమితమైంది. రెండేళ్ల వ్యవధిలో మూడు పెద్ద సేవలు ఇలా మూతపడటమో స్వరూపం మార్చుకోవడమో జరిగాక, యాప్‌ను ఎంచుకోవడమన్నది నెలకు ఎన్ని రూపాయలన్న లెక్కతో తేలే వ్యవహారం కాదని శ్రోతలకు అర్థమైంది.

ఆ మాటకొస్తే, ఈ దేశంలో పాట ఎక్కడ వినాలో శ్రోత స్వయంగా నిర్ణయించుకున్న సందర్భాలు తక్కువే. ఒకప్పుడు రేడియో, ఆ తర్వాత ఆడియో కంపెనీ, ఇటీవలి కాలంలో సిమ్ కార్డు ఆ నిర్ణయం తీసుకుంటూ వచ్చాయి.

1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గొంతు రికార్డు చేసిన గ్రామఫోన్ కంపెనీ, కుక్క బొమ్మ ముద్రతో, దాదాపు ఎనిమిది దశాబ్దాలపాటు రికార్డుల వ్యాపారాన్ని చేతిలో పెట్టుకుంది. పాత తెలుగు సినిమా పాటల్లో పెద్ద భాగం ఆ కంపెనీ ఖాతాలోనే ఉంది. ఈనాటి సరిగమ దాని వారసురాలు. పాట హక్కులున్నవారికీ వినిపించేవారికీ మధ్య తగాదా వస్తే నష్టపోయేది శ్రోతేనన్న సంగతి కూడా ఆ కాలంలోనే రుజువైంది. 1950ల తొలినాళ్లలో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉండగా, సినిమా పేరు చెబితే ప్రకటన కింద లెక్కవుతుందన్న కారణంతో ఆకాశవాణి ఆ పేరు చెప్పకుండా పాటలు వేయడం మొదలుపెట్టింది. నిర్మాతలు ప్రసార అనుమతులు వెనక్కి తీసుకున్నారు. సినిమా పాటకు చిన్నచూపు కూడా తోడవడంతో జనం శ్రీలంక నుంచి వినిపించే రేడియో సిలోన్ వైపు మళ్లారు. ఆకాశవాణి వివిధ భారతి పేరుతో మళ్లీ వారి ముందుకు వచ్చేసరికి 1957 అక్టోబరు 3 అయింది. డెబ్బై ఏళ్ల తర్వాత యాప్‌ల మధ్య నడిచిన తగాదాలకు ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు.

క్యాసెట్ రాకతో ఆ గుత్తాధిపత్యం సడలింది. చౌక క్యాసెట్లతో 1980లలో టీ-సిరీస్ ఎదిగింది. తెలుగులో ఆదిత్య, లహరి, సుప్రీం వంటి ఆడియో కంపెనీలు సినిమాకొకటి చొప్పున హక్కులు కొనడం మొదలుపెట్టాయి. ఒక్కో సినిమా పాట ఒక్కో కంపెనీ ఇంటికి చేరింది అప్పుడే. ఇప్పుడు ఒక యాప్‌లో దొరికే సినిమా మరో యాప్‌లో దొరకకపోవడానికి బీజం ఆనాటి ఆ విడివిడి అమ్మకాల్లో ఉంది. అయితే ఆ కాలపు శ్రోతకు ఈ గొడవ పట్టలేదు. కాగితం మీద ఇరవై పాటల పేర్లు రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు రికార్డింగ్ దుకాణంలో ఇస్తే రెండు రోజుల్లో నింపి ఇచ్చేవారు. ఆ దుకాణదారు ఎవరి అనుమతీ అడిగేవాడు కాదు. చట్టం దృష్టిలో అది దొంగతనమే. కానీ తెలుగునాట తొలి ప్లేలిస్టు పుట్టింది అక్కడేనని చెప్పక తప్పదు. తర్వాతి కాలంలో సెల్‌ఫోన్ దుకాణాలు అదే పనిని మెమరీ కార్డుల మీద చేశాయి.

ఎంపీ3 దెబ్బకు క్యాసెట్, సీడీ అమ్మకాలు కుప్పకూలినప్పుడు ఆడియో కంపెనీలను ఆదుకున్నది కాలర్ ట్యూన్. పాటలోని అరనిమిషం ముక్కకు నెలనెలా డబ్బు వచ్చింది కానీ, అందులో సింహభాగం టెలికాం సంస్థలే ఉంచుకున్నాయి. పాట కోసం జనం విడిగా డబ్బు కట్టరు గానీ ఫోను బిల్లులో కలిసిపోతే పట్టించుకోరని ఆ సంస్థలు గ్రహించింది ఇక్కడే. తర్వాత కథంతా ఈ గ్రహింపు మీదనే నడిచింది.

2007లో న్యూయార్క్ కేంద్రంగా సావన్, 2010లో టైమ్స్ ఇంటర్నెట్ నుంచి గానా వచ్చాయి. అయితే అప్పటికి మొబైల్ డేటా ఖరీదు. ఒక్క జీబీకి వందల రూపాయలు పోసి పాటలు వినేవారు కొందరే. 2014 సెప్టెంబరులో వింక్ రావడం, 2016 సెప్టెంబరు 5న జియో ఉచిత డేటాతో మార్కెట్లోకి దిగడం ఈ లెక్కను తలకిందులు చేశాయి. జియో తన సంగీత యాప్‌ను సావన్‌తో కలుపుతున్నట్లు 2018 మార్చిలో ప్రకటించగా, డిసెంబరు నాటికి జియోసావన్ సిద్ధమైంది. అప్పట్లో ఊళ్లలో చాలామందికి పాటల యాప్ అంటే సిమ్‌తో వచ్చినదే. ఎయిర్‌టెల్ సిమ్ ఉన్నవారు వింక్ వాళ్లు, జియో సిమ్ ఉన్నవారు సావన్ వాళ్లు. నంబరు మార్చకుండా నెట్‌వర్క్ మారినవారు చాలామంది పాటల యాప్ కూడా మార్చారు.

విదేశీ సేవలు ఆలస్యంగా వచ్చాయి. 2015 జూన్ 30న యాపిల్ మ్యూజిక్ మొదలైనప్పుడు అమెరికాలో నెలకు 9.99 డాలర్లు, ఇక్కడ 120 రూపాయలు. అట్లాంటాలోని తెలుగు కుటుంబమూ అనంతపురంలోని కుటుంబమూ అవే పాటలకు అంత తేడాతో చెల్లించాయన్నమాట. 2018 ఫిబ్రవరిలో అమెజాన్ సంగీత సేవ, 2019 ఫిబ్రవరి చివరలో స్పాటిఫై, మార్చిలో యూట్యూబ్ మ్యూజిక్ అడుగుపెట్టాయి.

స్పాటిఫై రాక కాస్త వివరంగా చెప్పదగినది, ఎందుకంటే హక్కుల తగాదా బట్టబయలైంది అందులోనే. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణతో 31డి అనే సెక్షన్ చేరింది. హక్కుదారు ఒప్పుకోకపోయినా, నిర్ణీత రుసుము చెల్లించి పాటను ప్రసారం చేసుకునే వెసులుబాటు అది. వార్నర్ సంగీత సంస్థతో బేరం కుదరని స్పాటిఫై ఈ సెక్షన్‌ను ఆశ్రయించగా, వార్నర్ బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. రాజీ 2020 జనవరిలో గానీ కుదరలేదు. ఈలోగా, టిప్స్ అనే ఆడియో సంస్థకూ వింక్‌కూ మధ్య ఇదే సెక్షన్ మీద నడిచిన కేసులో అదే హైకోర్టు 2019 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. 31డి రేడియో, టెలివిజన్లకే వర్తిస్తుంది, ఇంటర్నెట్ సేవలకు కాదన్నది ఆ తీర్పు సారం. 2022 అక్టోబరులో అదే కోర్టులోని ఇద్దరు న్యాయమూర్తుల డివిజన్ బెంచ్ కూడా దాన్నే సమర్థించింది. అంటే ఏ యాప్‌కైనా ఏ పాటైనా ఉండాలంటే ఆ ఆడియో కంపెనీ దయ ఉండాలి, ఆ దయకు గడువు తేదీ ఉంటుంది.

ఆ దయ లేకపోతే ఏమవుతుందో 2019 ఏప్రిల్‌లో స్పాటిఫై నుంచి సరిగమ పాటలు మాయమైనప్పుడు తెలిసింది. లక్షకు పైగా పాటలున్న ఖజానా అది. 2020 మే నెలలో ఒప్పందం కుదిరేదాకా, ఏడాదికి పైగా, పాత పాటల ప్రియులకు ఆ యాప్ ఉండీ లేనట్టే. కొత్త సినిమాలు వినే కుర్రవాడికి ఈ లోటు కనిపించలేదు. ఇంట్లో ఘంటసాల పాటలు పెట్టుకునే తాతగారికి మాత్రం యాప్ సగం ఖాళీ అయినట్టయింది. ఎవరికి ఏ సేవ తగినదన్న ప్రశ్నకు జవాబు వయసును బట్టి కూడా మారుతుందని నా అభిప్రాయం.

ఇంకో తేడా ఎవరూ పెద్దగా చెప్పరు. మన శ్రోత పాటను సినిమా పేరుతో, లేదంటే హీరో పేరుతో వెతుకుతాడు. పాశ్చాత్య దేశాల్లో తయారైన యాప్‌లు గాయకుడి పేరు చుట్టూ అల్లుకున్నవి. వాటికి సినిమా అంటే మరో ఆల్బమ్ మాత్రమే. సావన్, గానా వంటివి మొదటి నుంచీ సినిమాను కేంద్రంగా పెట్టుకున్నాయి. పైగా తెలుగు పాటల పేర్లు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కుతాయి, ఒకే మాటకు నాలుగు వర్ణక్రమాలుంటాయి. గీత రచయిత పేరు చాలాచోట్ల కనిపించనే కనిపించదు, క్యాసెట్ అట్ట మీద మాత్రం అది తప్పకుండా ఉండేది. 2021లో స్పాటిఫై తెలుగు సహా 12 భారతీయ భాషల్లో తన యాప్‌ను అందుబాటులోకి తెచ్చినా, బటన్ల మీది భాష మారిందే గాని పాటల పేర్ల తీరు మారలేదు.

నాణ్యత గురించిన వాదనలు ఎక్కువ, అవసరం తక్కువ. సెకనుకు 320 కిలోబిట్ల అధిక నాణ్యతతో గంటసేపు వింటే సుమారు 144 ఎంబీ డేటా, 160 కిలోబిట్లయితే అందులో సగం ఖర్చవుతుంది. యాపిల్ 2021 జూన్ నుంచి మూల రికార్డింగ్‌లోని శబ్దాన్ని ఏమాత్రం కోల్పోని (లాస్‌లెస్) నాణ్యతను అదనపు ధర లేకుండా ఇస్తోంది. అయితే మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు దాన్ని పూర్తిగా మోయలేవు. 1960ల నాటి రికార్డు నుంచి తీసిన పాటకైతే మూలంలో ఉన్న గరగర మరింత స్పష్టంగా వినిపించడమే లాభం.

ఉచితమన్న మాట కూడా మెల్లగా కుంచించుకుపోయింది. 2023 అక్టోబరులో స్పాటిఫైలో చందా లేనివారు కోరిన వరుసలో పాటలు వినడం, పాటను ముందుకు వెనక్కు జరపడం, మళ్లీ మళ్లీ వేసుకోవడం వంటివాటిని కోల్పోయారు. ప్రకటనలతో నడిచే యూట్యూబ్ పక్కనే ఉండగా ఈ ఒత్తిడి ఎంతమంది చేత చందా కట్టిస్తుందన్నది వేరే మాట. చందా కట్టినా ఆ సొమ్ము మనం విన్న గాయకుడికే చేరదు. ఎక్కువ సేవల్లో రాబడి అంతా ఒకే కుప్పగా పోసి, మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతో లెక్కగట్టి హక్కుదారులకు పంచుతారు. అందువల్ల అన్నమయ్య కీర్తనలు మాత్రమే వినే చందాదారు డబ్బులో పెద్ద వాటా ఆ నెల మార్మోగిన సినిమా పాటకు వెళ్తుంది.

సేవ మారాలనుకున్నవారికి ఆఖరి అడ్డంకి జాబితాల తరలింపు. 2020 చివర్లో గూగుల్ ప్లే మ్యూజిక్ మూతపడినప్పుడు జాబితాలతో పాటు వాడుకదారులు సొంతంగా ఎక్కించిన పాటలను కూడా యూట్యూబ్ మ్యూజిక్‌కు మార్చుకునే వీలు కల్పించారు. యజమాని ఒక్కరే కాబట్టి అది సాధ్యమైంది. వేర్వేరు సంస్థల మధ్యయితే తరలించే పరికరం పాట పేరును, వర్ణక్రమాన్ని సరిపోల్చి వెతుకుతుంది. హిందీకి, ఇంగ్లిష్‌కు అది బాగానే పనిచేస్తుంది. తెలుగులో మాత్రం అసలు పాట ఉండాల్సిన చోట దాని తమిళ రూపమో, ఎవరో పాడిన కవర్ పాటో వచ్చి కూర్చోవడం మామూలే. అందుకే పాత జాబితాను ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, కొత్త యాప్‌లో ఒక్కొక్క పాటనూ చేత్తో వెతికి చేర్చుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.