ఇసక లేని బీచ్

చిన్నూ, బుజ్జీ,

సీసాలో ఇసక తెమ్మన్నారు కదా, తేవట్లేదర్రా, అలగకండి, ఎందుకంటే ఫ్రాన్స్‌లోని ఈ నీస్ ఊరి బీచ్‌లో అసలు ఇసకే లేదు! అన్నీ బూడిద రంగు గుండ్రాళ్ళే, కోడిగుడ్డంతవి కొన్ని, అరచేతంతవి కొన్ని. మొదటిరోజు మన ఆర్కే బీచ్ అనుకుని చెప్పులు విప్పేసి దిగానా, నాలుగడుగులకే అమ్మో అని కూలబడ్డా. పక్కనే ఓ ముసలావిడ రబ్బరు బూట్లతో నీళ్ళలోకి దిగిపోతూ నన్ను చూసి ఒకటే నవ్వు.

ఎందుకిలా అంటే, ఊరి వెనకే ఆల్ప్స్ కొండలు, అక్కణ్ణుంచి వార్, పైయోన్ అని రెండు నదులు దిగుతాయి, వాలు ఎక్కువ, దూరం తక్కువ, రాయి అరిగి ఇసక అయ్యేంత టైమ్ ఉండదు, దొర్లి దొర్లి గుండ్రంగా అయ్యేసరికే సముద్రంలో పడిపోతుంది. అల వెనక్కి పోయినప్పుడల్లా చేటలో కందులు చెరిగినట్టు గలగలమంటాయి. పోనీ ఒక రాయి తెద్దామంటే అవి పట్టుకెళ్ళకూడదని రూల్, జేబులో వేసుకున్నదాన్ని మళ్ళీ అక్కడే పెట్టేశా. అలలు లాక్కుపోయినవాటి బదులు మునిసిపాలిటీ వాళ్ళే లారీల్లో రాళ్ళు తెచ్చి పోస్తారు!

ఇంకో వింత, పొద్దున నీళ్ళు ఎక్కడున్నాయో సాయంత్రమూ దాదాపు అక్కడే. మధ్యధరా సముద్రం చుట్టూ నేలే కదా, అట్లాంటిక్‌తో కలిసే జిబ్రాల్టర్ దారి ఇరుకైన చోట 14 కిలోమీటర్లే, ఆ పెద్ద సముద్రం పోటు ఇంత సందులోంచి ఏం వస్తుంది.

నిన్న కూర్ సలేయా మార్కెట్లో సోక్కా తిన్నా. శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి బండి చక్రమంత రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో పెడతారు, అంచులు మాడుతుండగా తీసి మిరియాల పొడి చల్లి కాగితంలో ఇస్తారు. మన శనగపిండి అట్టేరా బాబూ, పచ్చిమిర్చి లేదంతే! ఇటలీ వైపు జెనోవాలో కూడా ఇదే ఇంకో పేరుతో చేస్తారు, ఈ ఊరు 1860లో ఫ్రాన్స్‌లో కలిసింది మరి, అంతకుముందు ఇటలీ వైపు సార్డీనియా రాజ్యంలో ఉండేది. సగం తిన్నానో లేదో కోట కొండ మీంచి ఢామ్మని ఒక్క పేలుడు, ముక్క కింద పడింది. రోజూ పన్నెండింటికి పేలుస్తారట. వెనకటికి ఒక దొరగారి భార్య కబుర్లలో పడి భోజనానికి లేటుగా వచ్చేదని, ఆయనే ఈ ఫిరంగి పెట్టించాడని చెప్పుకుంటారు. మీ తాతయ్యకి ఈ ముక్క చెప్పకండి.

మొనాకో రైల్లో అరగంట కూడా కాదు, దేశం మొత్తం 2 చదరపు కిలోమీటర్లు, కార్లు తప్ప ఏం చూశానో గుర్తులేదు. మాంటన్ అనే ఊరి నిమ్మకాయలు మాత్రం బాగున్నాయి.

ఇసక బదులు ఆ రాళ్ళ చప్పుడు ఫోన్లో రికార్డ్ చేశా, మీ అమ్మకి వాట్సాప్‌లో పెడతా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మధ్యలో దగ్గేది తాతయ్యే.

మీ అమ్మమ్మ