నొప్పి ల్యాబులో హస్తవాసి

మంచి డాక్టరు గురించి చెప్పాల్సి వస్తే "ఆయన హస్తవాసి మంచిది" అంటాం. నొప్పి మీద పనిచేసే న్యూరోసైన్స్ ల్యాబులో మాత్రం హస్తవాసి మెచ్చుకోలు కాదు, తలనొప్పి. ఒకే మందు, ఒకే మోతాదు, ఒకే జాతి చిట్టెలుకలు. ఒకరు టెస్ట్ చేస్తే మందు పనిచేసినట్టు కనిపిస్తుంది, ఇంకొకరు చేస్తే పనిచేయనట్టు తేలుతుంది. అందుకే ల్యాబ్ మీటింగులో గ్రాఫు తెర మీద పడగానే మందు గురించి అడిగేలోపే "ఇది ఎవరు టెస్ట్ చేశారు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఈ ప్రశ్న వయసు 100 ఏళ్లు దాటింది.

దీని మూలం నొప్పి స్వభావంలోనే ఉంది. జ్వరానికి థర్మామీటర్ ఉంది, రక్తపోటుకు పట్టీ ఉంది. నొప్పికి అలాంటిదేదీ లేదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం నొప్పి ఒక ఇంద్రియానుభవం, దాంతోపాటు ఒక భావోద్వేగానుభవం కూడా. అది పడేవాడి లోపల ఉంటుంది, కొలిచేవాడు బయట ఉంటాడు. మధ్యలో మాటో, కదలికో, ముఖకవళికో అనువాదకుడిగా నిలబడుతుంది. ఆ అనువాదాన్ని చదివే మనిషి తేడా చేయకుండా ఎలా ఉంటాడు?

తొలితరం పరిశోధకులు దీనికి ఒక మొండి మార్గం పట్టారు. కొలిచేవాడే పడేవాడైతే గొడవే ఉండదనుకున్నారు. లండన్ న్యూరాలజిస్ట్ హెన్రీ హెడ్‌కు తన రోగులు స్పర్శ గురించి చెప్పే సమాధానాలు పొంతన లేకుండా కనిపించాయి. దాంతో 1903 ఏప్రిల్ 25న తన ఎడమచేతిలో చర్మానికి వెళ్లే నరాన్నే సర్జన్ చేత కోయించుకుని, మళ్లీ కుట్టించుకున్నాడు. ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా కేంబ్రిడ్జిలో మనస్తత్వ శాస్త్రవేత్త డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్ గదులకు వెళ్లి, కళ్లు మూసుకుని చెయ్యి చాపి కూర్చునేవాడు. రివర్స్ దూది, సూది, చన్నీళ్ల గొట్టం, వెంట్రుకలతో పరీక్షించేవాడు. మొత్తం 167 రోజులు ఇలా సాగింది. ఒకరు గుచ్చాలి, ఒకరు చెప్పాలి, చెప్పేవాడికి ఏది వస్తోందో తెలియకూడదు. ఈ పని విభజన అప్పుడు ఆ గదిలో జరిగినదే. నేటి ల్యాబులు కూడా దీని మీదే నడుస్తున్నాయి.

నరం తిరిగి మొలిచేటప్పుడు మొదట మోటు అనుభూతి, చాలాకాలానికి సున్నితమైన స్పర్శ వస్తాయి కాబట్టి రెండు వేర్వేరు నాడీ వ్యవస్థలున్నాయని 1908లో ఇద్దరూ ప్రకటించారు. మరుసటి ఏడాదే సర్జన్లు విల్ఫ్రెడ్ ట్రాటర్, డేవిస్ కూడా తమ నరాలు తామే కోయించుకుని చూసిన ఫలితాలు ప్రకటించారు. ఆ రెండు వ్యవస్థల విభజన వాళ్లకు కనిపించలేదు. హెడ్ అబద్ధం ఆడాడని ఎవరూ అనలేదు. కాకపోతే సిద్ధాంతం తెలిసినవాడే పరీక్షకు కూర్చుంటే, సమాధానం సిద్ధాంతం వైపు ఒరిగే ప్రమాదం ఉందని తేలిపోయింది.

ఇదే పొరపాటు 1940లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇంకా శుభ్రంగా జరిగింది. హార్డీ, వుల్ఫ్, గుడెల్ అనే ముగ్గురు నొప్పి కొలిచే యంత్రం తయారుచేశారు. నుదుటికి నల్లరంగు పూసి, బలమైన దీపకాంతిని కటకంతో దాని మీద కేంద్రీకరించి 3 సెకన్లు ఉంచుతారు. ఎంత వేడికి మొదటిసారి చురుక్కుమంటుందో రాసుకుంటారు. మనుషులందరికీ ఆ హద్దు దాదాపు ఒకటేనని వాళ్ల లెక్క చెప్పింది. యంత్రం పక్కాగానే ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, ఆ తొలి కొలతలకు కూర్చున్నవాళ్లు ఆ ముగ్గురే. ఏ క్షణంలో "ఇప్పుడు" అనాలో వందలసార్లు సాధన చేసినవాళ్లు. శిక్షణ లేనివాళ్ల మీద చేసినప్పుడు అంకెలు చెదిరిపోయాయి. యుద్ధంలో గాయపడిన సైనికులను దగ్గరగా చూసిన హార్వర్డ్ మత్తువైద్యుడు హెన్రీ బీచర్ 1950ల్లో ఈ పద్ధతిని గట్టిగా ఎండగట్టాడు. మందు పడేవాడికీ, కొలిచేవాడికీ ఇద్దరికీ ఏది మందో, ఏది ఉత్త బిళ్లో తెలియకూడదని పట్టుబట్టాడు.

జంతువుల మీద పరీక్షలు అప్పటికే మొదలయ్యాయి. ఎలుక తోక మీద వేడి కాంతి పెట్టి అది తోక విదిల్చే సమయం చూసే పరీక్ష 1941 నాటిది, వేడి పలక పరీక్ష 1944 నాటిది. స్టాప్‌వాచ్ పట్టుకుంటే చాలు, ఎలుకకు సిద్ధాంతాలు తెలియవు కాబట్టి పక్షపాతం ఉండదనే ధీమా ఉండేది. ఎలుకకు తెలియదు, నిజమే. వాచ్ పట్టుకున్నవాడికి తెలుసు. 1983లో మాన్‌ఫ్రెడ్ జిమ్మర్‌మన్ రాసిన నైతిక మార్గదర్శకాల్లో ఒక నియమం ఈ సందర్భంలో ఆసక్తికరం: వీలైన చోటల్లా ఆ బాధపెట్టే ఉద్దీపనను పరిశోధకుడు ముందు తన మీద ప్రయోగించుకోవాలి. హెడ్ వారసత్వం అలా నియమావళిలో మిగిలింది.

ఇక అసలు పేచీకి కేంద్రమైన సాధనం దగ్గరికి వద్దాం. ఆస్ట్రియన్-జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ ఫ్రే 1890ల్లో చర్మాన్ని పరీక్షించడానికి వెంట్రుకలను పుల్లలకు అతికించి వాడాడు. కిటుకు వెంట్రుక వంగడంలో ఉంది. సన్నని పోగును నిలువుగా నొక్కుతూ పోతే ఒక హద్దు దగ్గర అది విల్లులా వంగుతుంది. ఆ తర్వాత ఇంకాస్త నొక్కినా బలం పెద్దగా పెరగదు. అంటే చెయ్యి వణికినా కొలత నిలుస్తుంది. 1960లో సెమ్స్, వైన్‌స్టైన్ వెంట్రుక స్థానంలో నైలాన్ పోగులు తెచ్చారు. నేడు దాదాపు ప్రతి నొప్పి ల్యాబులోనూ ఈ 20 పోగుల పెట్టె ఉంటుంది.

కొత్తగా చేరిన విద్యార్థి మొదటి తప్పు ఈ పెట్టె దగ్గరే చేస్తాడు. పిడి మీద 4.31 అని ఉంటే 4.31 గ్రాములు అనుకుంటాడు. అది గ్రాములు కాదు, మిల్లీగ్రాముల్లో ఉన్న బలాన్ని 10తో గుణించి తీసిన లాగరిథమ్. 4.31 పిడి అంటే 2 గ్రాములు, 3.61 అంటే 0.4 గ్రాములు. రెండో తప్పు పెట్టెను నమ్మడం. నైలాన్ తేమను పీలుస్తుంది, వానాకాలంలో మెత్తబడి తక్కువ బలానికే వంగుతుంది. వాడగా వాడగా కొన వంకర పోతుంది. అందుకే నెలకోసారైనా ప్రతి పోగునూ డిజిటల్ తక్కెడ పళ్లెం మీద పదిసార్లు వంగేదాకా నొక్కి, సగటు రాసుకోవాలి. ముద్రించిన విలువకూ దానికీ 10 శాతం మించి తేడా వస్తే ఆ పోగును పక్కన పెట్టడం మంచి అలవాటు.

పరీక్ష చేసే తీరు ఇది. ఎలుకను ఇనుప జల్లెడ నేల మీద, చిన్న పారదర్శక గదిలో ఉంచుతారు. అది అటూఇటూ తిరగడం, వాసన చూడడం మానేసి స్థిమితపడాలి. దీనికి అరగంట నుంచి గంట పడుతుంది. పోగును కింది నుంచి అరికాలి మధ్యన నిలువుగా తాకించి, కొద్దిగా వంగేదాకా నొక్కి, 6 నుంచి 8 సెకన్లు పట్టుకోవాలి. పోగు చర్మం మీద జారితే అది నొక్కు కాదు, చక్కిలిగింత అవుతుంది, లెక్కలోకి రాదు. ఎలుక చటుక్కున కాలు తీసినా, విదిల్చినా, నాకినా "స్పందించింది" అని రాస్తారు. 1994లో చాప్లాన్ బృందం ఎలుకల అరికాలికి అమర్చిన పైకి-కిందికి పద్ధతిలో 2 గ్రాముల పోగుతో మొదలుపెడతారు. స్పందన లేకపోతే పై మెట్టు 3.63 గ్రాములు, స్పందిస్తే కింది మెట్టు 1.20 గ్రాములు. స్పందన మారిన చోటు దొరికాక ఇంకో నాలుగుసార్లు చేసి, ఆ వరుస నుంచి సగం సార్లు కాలు తీసే బలాన్ని లెక్కగడతారు.

ఈ వరుసలో ఒక్క అడుగు తడబడితే చాలు. ఉదాహరణకు 2 గ్రాములకు లేదు, 3.63కి ఉంది, మళ్లీ 2కి లేదు, 3.63కి ఉంది. ఇప్పుడు 2 గ్రాములు తాకించగానే ఎలుక కాలు తీసింది, కానీ అదే క్షణంలో అది పక్కకు నడవబోతోంది కూడా. దాన్ని స్పందన అనాలా, నడక అనాలా? అవునంటే తర్వాత కిందికి 1.20, కాదంటే పైకి 3.63. చివరి అంకె మారిపోతుంది. ఇలాంటి అనుమానపు కేసును వదిలేసి, కొంచెం ఆగి మళ్లీ అదే పోగుతో చేయాలని పుస్తకం చెబుతుంది. సాయంత్రం ఆరు గంటలకు ఇరవయ్యో ఎలుక దగ్గర ఉన్నప్పుడు ఆ ఓపిక అందరికీ ఉండదు. పైగా ఆ ఎలుకకు మందు పడిందని తెలిస్తే, తెలియకుండానే "నడుస్తోందిలే" అనిపిస్తుంది. చిట్టెలుకలకైతే మరో బాధ. వాటి బరువు 20 నుంచి 25 గ్రాములు. 2 గ్రాములు దాటిన పోగు నొప్పితో సంబంధం లేకుండా కాలినే పైకి ఎత్తేస్తుంది.

ఇదంతా ల్యాబువాళ్లు టీ దగ్గర చెప్పుకునే కబురుగానే చాలాకాలం ఉండిపోయింది. దానికి అంకెలు 2002లో వచ్చాయి. చెస్లర్, మోగిల్ తదితరులు ఒకే ల్యాబులో ఏళ్ల తరబడి పేరుకుపోయిన 8,000కు పైగా పరీక్షల రికార్డులు తిరగతోడారు. అన్నీ ఒకే పరీక్ష: చిట్టెలుక తోకను 49 డిగ్రీల వేడినీటిలో ముంచి, ఎన్ని సెకన్లకు లాక్కుంటుందో చూడడం. జన్యుజాతి, లింగం, రుతువు, గాలిలో తేమ, పంజరంలో ఎన్ని ఉన్నాయి, ఏ వేళ చేశారు, పంజరం నుంచి ఎన్నోదిగా తీశారు, అన్నిటినీ తూచారు. పరీక్ష చేసిన మనిషి ఎవరన్నది జన్యుజాతి కంటే ఎక్కువ బరువు తూగింది. జన్యువుల వేటకు జీవితాలు ధారపోస్తున్న రంగానికి ఇది మింగుడుపడని ఫలితం.

మనిషిలో ఏముంది మరి? కొంత జవాబు 2014లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఉన్న మోగిల్ ల్యాబు నుంచే వచ్చింది. గదిలో మగవాళ్లుంటే ఎలుకలూ చిట్టెలుకలూ నొప్పి తక్కువ చూపాయి. మనిషి లేకుండా మగవాళ్లు రాత్రి వేసుకున్న టీషర్టు పక్కన పెట్టినా అంతే. ఆ వాసనకు జంతువు ఒత్తిడికి లోనవుతుంది, ఒత్తిడి నొప్పిని అణిచేస్తుంది. అంటే మందు పని కొంత టీషర్టే చేసేస్తుంది! మనిషి గదిలోనే ఉంటే ఈ ప్రభావం అరగంట నుంచి గంటలో తగ్గిపోతుంది. కాబట్టి పరీక్ష చేసేవాడు జంతువులతోపాటే గదిలో కూర్చోవాలి, తలుపు తీసుకుని వస్తూనే పోగు పట్టుకోకూడదు. మధ్యలో ఒకరు వెళ్లి ఇంకొకరు వస్తే ఆ రోజు డేటా రెండు ముక్కలైనట్టే. ప్రయోగం సగంలో చెయ్యి మార్చడం కంటే ఒక వారం వాయిదా వేయడమే నయం.

పోగు పట్టేవాడి గురించి ఇంత చర్చ జరిగింది గానీ, కత్తి పట్టేవాడి గురించి తక్కువే జరిగింది. ఎలుకలో దీర్ఘకాలిక నరాల నొప్పి పుట్టించడానికి 1988లో బెనెట్, షీ తెచ్చిన నమూనాలో తుంటి నరం (సయాటిక్) చుట్టూ నాలుగు వదులు ముడులు వేయాలి. నరం కాస్త నొక్కుకోవాలి, పైనున్న రక్తప్రసారం మాత్రం ఆగకూడదు. "కాస్త" అంటే ఎంత? అది ముడి వేసే వేళ్లకే తెలుసు. 2000లో డెకోస్టర్డ్, క్లిఫర్డ్ వుల్ఫ్ తెచ్చిన నమూనాలో ఈ అస్పష్టత తగ్గింది. ఆ నరపు మూడు శాఖల్లో రెండింటిని కట్టి కోసేస్తారు, సూరల్ అనే మూడోదాన్ని వదిలేస్తారు. అయినా ఆ మూడోదాన్ని పట్టుకారు పొరపాటున లాగితే పాదం అంచు సున్నితం కావడానికి బదులు మొద్దుబారుతుంది, నెల రోజుల పని గంగలో కలుస్తుంది. పోగును కూడా అరికాలి మధ్యన కాక, ఆ నరం చేరే బయటి అంచునే పెట్టాలి.

ఈ చరిత్రంతా కలిసి నేటి ల్యాబులో ఎవరి పని ఏమిటో నిర్ణయించింది. పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ పూర్తిచేసిన పరిశోధకుడు, ఆపరేషన్ చేస్తాడు. మూడో మనిషి, చాలాచోట్ల టెక్నీషియన్, సీసాలకు అక్షరాలు రాసి కోడ్ కాగితం దాస్తాడు. పరిశోధక విద్యార్థి ఏ అక్షరం ఏ మందో తెలియకుండా పరీక్షిస్తాడు. ల్యాబ్ పెద్ద గ్రాఫు చూస్తాడు తప్ప పోగు పట్టుకోడు, ఫలితం మీద అందరికంటే ఎక్కువ ఆశ ఉన్నది ఆయనకే కాబట్టి. యానిమల్ హౌస్ సిబ్బంది పేర్లు వ్యాసాల్లో అరుదుగా కనిపిస్తాయి గానీ, పంజరం మార్చే రోజు చెప్పేది వాళ్లే. పంజరం మార్చిన రోజు పరీక్ష పెట్టకూడదు. చిట్టెలుకను తోక పట్టి ఎత్తితే బెదురుతుంది, గొట్టంలోకి ఎక్కించి గానీ దోసిట్లోకి తీసుకుని గానీ ఎత్తాలి. ఇది హర్స్ట్, వెస్ట్ 2010లో చూపించారు. రోజూ ఎత్తేది ఆ సిబ్బందే.

కోడ్ కాగితం దాచినంత మాత్రాన అంతా దాగదు. నరం కోసిన ఎలుక ఆ పాదాన్ని ముడుచుకుని, బరువు వేయకుండా నిలబడుతుంది. చూసీచూడగానే ఎవరికైనా తెలిసిపోతుంది. ఏ మందు పడిందో దాచవచ్చు గానీ ఏ ఎలుకకు నరం కోశారో దాచలేం. ఈ బలహీనతను వ్యాసంలో ఒప్పుకునేవాళ్లు తక్కువ.

చేతిని పూర్తిగా తప్పించే ప్రయత్నాలూ జరిగాయి. 2010లో చిట్టెలుక ముఖంలో కన్ను ముడుచుకోవడం, ముక్కు, బుగ్గల ఉబ్బు, చెవులు, మీసాల తీరు, ఈ ఐదింటికీ 0, 1, 2 మార్కులు వేసే పద్ధతి వచ్చింది. నిమిషాల నుంచి గంటల పాటు ఉండే నొప్పికి అది బాగా పనిచేసింది. నరం దెబ్బతిన్న దీర్ఘకాలిక నొప్పిలో మాత్రం ముఖం మారలేదు. అసలు మందులు కావాల్సింది ఆ నొప్పికే. తర్వాత హైస్పీడ్ కెమెరాలు, కదలికలను తానే గుర్తించే సాఫ్ట్‌వేర్ వచ్చాయి. నడకకూ విదిలింపుకూ తేడా ఇప్పుడు కంప్యూటర్ చెబుతుంది. అయితే దానికి నేర్పడానికి ముందు కొన్ని వందల ఫ్రేముల్లో "ఇది నొప్పి, ఇది కాదు" అని ఒక మనిషి గుర్తులు పెట్టాలి. ఆ గుర్తులు పెట్టింది ఎవరని ల్యాబ్ మీటింగులో ఇప్పుడు అడుగుతున్నారు.