చెట్టు పూసింది కదా, నారు నాటేయొచ్చా?

చలి తగ్గుముఖం పట్టగానే మా నర్సరీకి వచ్చేవాళ్లలో సగం మంది అడిగే ప్రశ్న ఇది. మరో రెండు వారాలకు వాళ్లలో కొందరు నల్లబడిన టమాటా మొక్కలు పట్టుకుని మళ్లీ వస్తారు. వారాల తరబడి కిటికీ దగ్గర పెట్టి పెంచుకున్న నారు అది. వాళ్ల ముఖాలు చూస్తే బాధేస్తుంది.

అపోహ: పూత వచ్చిందంటే ఇక మొక్కల్ని మాడ్చే గడ్డకట్టే మంచు పడదు.

వాస్తవం: రేపటి వాతావరణం చెట్టుకు తెలియదు. ఇప్పటిదాకా ఎంత వెచ్చదనం అందిందన్నదే పూత చెబుతుంది. తొందరగా పూసే చెట్లు చాలావరకు కిందటేడాదే మొగ్గ కట్టుకుని ఉంటాయి. కావలసినంత చలి తగిలాక, కొన్ని వెచ్చని రోజులు రాగానే విచ్చుకుంటాయి. ఆ తర్వాత మంచు పడితే ఆ పూతే మాడిపోతుంది. పండ్ల తోటల వాళ్లనడగండి, చెబుతారు. తన పూతనే కాపాడుకోలేని చెట్టు మీ టమాటాకేం హామీ ఇస్తుంది?

ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడు నాకూ ఇదే జరిగింది. ఎండ తగిలే గోడ పక్కన ఆప్రికాట్ చెట్టు విరగబూసింది. ఆ వారమే నలభై మిరప మొక్కలు నాటాను. ఒక్క రాత్రి మంచుకు అన్నీ పోయాయి. ఆకులు ముట్టుకుంటే ఉడికిన ఆకుకూరలా మెత్తగా ఉన్నాయి. ఆ చెట్టు చూపించింది గోడ వేడిని, నా మడి వేడిని కాదు. అప్పటి నుంచి ఆరుబయట ఉన్న ఒకే చెట్టును చూస్తాను, సగం పూత వచ్చిన తేదీ నోట్‌బుక్‌లో రాస్తాను.

అలాగని గుర్తులు పనికిరావని కాదు. లైలాక్ (చల్లని ప్రాంతాల్లో వసంతంలో పూసే పూల పొద) లేత ఆకు వేస్తే బఠానీ, నిండుగా పూస్తే చిక్కుళ్లు విత్తాలని అమెరికా తోటమాలులు ఎప్పటి నుంచో అంటారు. అందులో అర్థం ఉంది. బఠానీ 5 డిగ్రీల మట్టిలోనూ నెమ్మదిగా మొలుస్తుంది. చిక్కుడు గింజకు 15, 16 డిగ్రీలైనా కావాలి, లేదంటే కుళ్లిపోతుంది. కాబట్టి థర్మామీటర్‌ను 5 సెంటీమీటర్ల లోతున గుచ్చి, వరుసగా నాలుగైదు ఉదయాలు చూడండి. ఆ రోజుల్లో మీ చుట్టూ ఏం పూసిందో పక్కనే రాసుకోండి. మూడు నాలుగేళ్లు రాస్తే మీ తోటకు సరిపోయే గుర్తు మీకే దొరుకుతుంది. టమాటా, మిరప నారుకు మాత్రం ఏ పువ్వునూ నమ్మొద్దు. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు పైనే నిలవాలి, రాబోయే వారం వాతావరణ సూచన కూడా చూడాలి.

అపోహ: వలస పక్షులొస్తే విత్తేయొచ్చు. దూరం నుంచి వచ్చే పక్షులు చాలావరకు పగటి పొడవును బట్టి బయలుదేరతాయి. మీ మట్టి సంగతి వాటికేం తెలుసు?

అపోహ: పూత తేదీలు రాసుకోవడం పాతకాలపు నమ్మకం. కాదు. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత తేదీలు 9వ శతాబ్దం నుంచి దొరుకుతాయి. ఇంగ్లండ్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో పూత, చిగురు లాంటివాటి తేదీలు రాయడం మొదలుపెట్టాడు. వాతావరణ మార్పును లెక్కగట్టేవాళ్లు ఇప్పటికీ ఆ తేదీలు వాడుతున్నారు.

ఆలస్యమైపోతోందని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. చల్లని మట్టిలో ముందే నాటిన టమాటా ఎదగకుండా అలాగే ఉండిపోతుంది. రెండు వారాలు ఆగి వెచ్చని మట్టిలో నాటింది చాలాసార్లు దాన్ని అందుకుంటుంది. ఈలోగా నారును పగలు కాసేపు బయట పెట్టండి, రోజూ కొంచెం కొంచెం సేపు పెంచుతూ. చీకటి పడేలోపు లోపలికి తెచ్చుకోండి.