రుద్రేశ్వరాలయం ఏది?

హనుమకొండ

బిడ్డలారా,

మన జిల్లా గుళ్ల పట్టికలో ఒక గడిలో "రుద్రేశ్వరాలయం" అని రాశారనుకోండి. ఏ గుడి అది? 1163 నాటి మన వేయిస్తంభాల గుడినీ రుద్రేశ్వరాలయమనే అంటారు. 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన పాలంపేట రామప్ప, 1213 నాటిది, దాని పేరూ అదే. మనిషైతే పక్క వాక్యం చూసి పోల్చుకుంటాడు. కంప్యూటర్‌కు అది చేతకాదు. అందుకే వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 2006లో లింక్డ్ డేటా, అంటే ఒకదానికొకటి ముడిపెట్టిన సమాచారం, సూత్రాలు రాశాడు: ప్రతిదానికీ వెబ్ చిరునామా రూపంలో ఒక గుర్తు ఉండాలి, ఆ గుర్తు తెరిస్తే దాని వివరం దొరకాలి, ఆ వివరంలోంచి మిగతావాటికి దారులుండాలి.

ఇది ఇంటింటికీ చేరకపోవడానికి ఆర్‌డీఎఫ్, అంటే ఆ సమాచారాన్ని రాసే పద్ధతి, కష్టమవడమే కారణమంటారు. నా లెక్కలో అది చిన్న అడ్డంకి. ప్రోగ్రామర్లకు అలవాటైన జేసన్ రూపంలోనే దాన్ని రాసే జేసన్-ఎల్‌డీ 2014లో ప్రమాణమయ్యాక మామూలు ప్రోగ్రామరూ రాసుకోగలడు. "ఇదీ అదీ ఒకటే" అని తేల్చడమే అసలు కష్టం.

అలా చెప్పడానికి వాడే "సేమ్‌యాజ్" చాలా గట్టి మాట. ఒకదాని గురించి చెప్పిన ప్రతి ముక్కా రెండోదానికీ వర్తిస్తుంది. పేరు కలిసిందని ఆ రెండు గుళ్లనూ కలిపేస్తే ఒకే గుడికి రెండు ఊళ్లు, రెండు పుట్టిన సంవత్సరాలు వస్తాయి. మీ గుర్తుకు లింకు పెట్టుకున్నవాళ్ల డేటాలోకీ ఆ తప్పు పాకుతుంది.

కాలంతో ఇంకో చిక్కు. రామప్ప 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలో ఉంది, తర్వాత జయశంకర్ భూపాలపల్లిలో, 2019 ఫిబ్రవరి నుంచి ములుగులో. ఆర్‌డీఎఫ్ వాక్యానికి మూడే భాగాలు: విషయం, సంబంధం, విలువ. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నదానికి అందులో చోటు లేదు. ఎవరైనా దిద్దగల ఉచిత డేటా భాండారం వికీడేటాలో క్వాలిఫయర్లుగా, అంటే వాక్యానికి తగిలించే అదనపు వివరాలుగా, తేదీలు జోడిస్తారు. సొంతంగా చేసేవాళ్లు ఒక్కో మాటకూ విడి నోడ్ (విడి అంశం) పెట్టి మొదలు, చివరి తేదీలు దానికి తగిలించాలి. పని మూడింతలవుతుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు.

"వరంగల్ జిల్లా" అన్న పేరునే చూడండి. 2011 జనగణనలో దాని జనాభా సుమారు 35 లక్షలు. 2021లో వరంగల్ రూరల్‌కు పెట్టిన పేరూ వరంగల్ జిల్లానే. ఆ 35 లక్షలను ఈ చిన్న జిల్లాకు అంటగడితే తలసరి లెక్కలన్నీ పాడవుతాయి. జిల్లా మారితే కొత్త గుర్తు ఇవ్వాలి, పాత గుర్తును చెరపకూడదు, తిరిగి వాడకూడదు.

డబ్బు సంగతి కూడా ఉంది. డొమైన్ రుసుము ఒక ఏడు కట్టకపోతే ఆ గుర్తులన్నీ తెరుచుకోవు. ఈ డేటాను ప్రశ్నలడిగే భాష స్పార్కిల్. అందరికీ తెరిచిన స్పార్కిల్ సర్వర్‌ను ఒక్క బరువైన ప్రశ్న కూలబెట్టగలదు. వికీడేటా 60 సెకన్లకు ప్రశ్నను ఆపేసేది అందుకే. ఒకరు దున్నితే పంట ఇంకొకరు కోసుకునే పని ఇది. దున్నేవాళ్లకు కూలి దొరకాలని నేను గట్టిగా కోరుకుంటాను.

లింకు పెట్టేముందు మూడు చూడండి: అది ఏ రకం వస్తువు, ఎక్కడుంది, ఏ కాలానిది. మూడూ కలిస్తేనే "సేమ్‌యాజ్". ఒకటి తేడా వచ్చినా, "దీన్నీ చూడండి" అని మాత్రమే చెప్పే "సీ ఆల్సో"తో ఆగండి. ముందు ఆ రెండు రుద్రేశ్వరాలయాలకు వేర్వేరు గుర్తులిచ్చి, రామప్పకు మూడు జిల్లాలూ తేదీలతో రాసి పంపండి.

మీ తాత